ముప్పై ఒక్క జవాబులు, ఒకటే శాంపిల్

ఆ రోజుల్లో ప్రశ్న ఎంత పొడుగుంటే అడిగినవాడికి అంత తెలుసని నమ్మేవాణ్ణి. (ఆ రోజులంటే తాతల కాలం కాదు, మూడేళ్ళ కిందట.) కుందలహళ్ళిలో ఆన్‌లైన్ పాఠాలు తయారుచేసే ఒక ఆఫీసులో ప్రొబేషన్ మీదున్నాను. బొమ్మనహళ్ళి గార్మెంట్స్‌లో కుట్టే ఆడవాళ్ళకు సూపర్‌వైజర్ శిక్షణనిచ్చే తెలుగు క్లాసు. దానికి చర్చాప్రశ్నలు రాయడం నా పని. "ఈ వీక్ గ్రూప్‌లో డిస్కషన్ జరగాలి. లేకపోతే నీ కన్ఫర్మేషన్‌కి నేనేం చెయ్యలేను, సారీ," అని మేనేజరమ్మ ఎంతో మర్యాదగా పీక మీద కత్తి పెట్టింది. "వస్త్రోత్పత్తిలో నాణ్యతా ప్రమాణాల ఆవశ్యకతను సోదాహరణంగా విశ్లేషించండి" అని ఫోన్ తెర నిండా ఒక ప్రశ్న పెట్టాను. ఒక పెద్దక్క (ప్రొఫైల్ ఫొటోలోనూ మెడలో టేపు తీయని మనిషి) వెంటనే జవాబు రాస్తే, దాని కింద "చాలా బాగుంది" అని మెచ్చుకుని, ధీమాగా పడుకున్నాను.

పొద్దున చూస్తే ముప్పై ఒక్క జవాబులు! నా ఆనందం రెండో జవాబు దాకా నిలిచింది. అన్నీ పెద్దక్క రాసిందే. "నానయ్త ముక్యం సార్, ఇట్లు నాలుగో లైను," అక్షరం తప్పులతో సహా. ఏడో లైనులో కుట్టేవాళ్ళ సంతకమూ నాలుగో లైనే. టేపక్కకు ఫోన్ చేసి, కాపీ కొట్టడం ఎంత నేరమో ఉపన్యాసమిచ్చాను. (నేను డిగ్రీ ఎలా గట్టెక్కానో ఆమెకు తెలియదు.)

"కాపీ ఏందప్పా? నాది బాగుండాదని నువ్వే కదా పాస్ చేస్తివి! శాంపిల్ పాసైనాక అందరూ దాని మాదిరే కుట్టల్ల. వేరేగా కుడితే రిజెక్టు చేస్తారు."

ఉపన్యాసం మానేసి అసలు సంగతికొచ్చాను. "మరేం అడగమంటావక్కా? నా ఉద్యోగం పోయేట్టుంది."

"అట్ల చెప్పు! నాణ్యత ముఖ్యమా అంటే కాదనేవాళ్ళు ఎవరుండారు? మీ లైన్లో తిరిగొచ్చిన పీసు ఏది, తప్పెవరిది అని అడుగు. అప్పుడు మా నోళ్ళు ఆపు, చూస్తాం."

అదే అడిగాను. మధ్యాహ్నానికి గ్రూపులో యుద్ధం. కాలర్ పాడైంది కటింగ్‌వాళ్ళ వల్లేనని ఒకామె. "చొక్కాకి రెండు ఎడమచేతులు కుట్టిందెవరమ్మా?" అని కటింగ్ ఆమె. సాయంత్రానికి తప్పు ఎక్కడ పుడుతుందో, దాన్ని ఎక్కడ పట్టుకోవాలో వాళ్ళే తేల్చుకున్నారు. అదే నేను చెప్పాల్సిన పాఠం.

ఉద్యోగం ఖాయమైంది. "వాట్ ఎ మెథడ్! టీమ్‌కి ప్రెజెంటేషన్ ఇవ్వు," అంది మేనేజరమ్మ. ముప్పై స్లైడ్లు, బాణం గుర్తులతో, ఇచ్చాను. ఒక్కదాంట్లోనూ అక్క ఊసు లేదు. ఆ వారమే ఆమె ఫోన్ చేసి, "పని నిలిచిందా అప్పా?" అంది. "నిలిచిందక్కా," అన్నాను. "నీ వల్లే" అనడానికి స్లైడు కూడా అక్కర్లేదు, అయినా నోరు రాలేదు. మూడేళ్ళ కిందట నాలో ఉన్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. దగ్గరికి పిలిచి మెల్లగా ఒక మొట్టికాయ వేయాలనీ అనిపిస్తుంది.