మా బావ కలిపిన వరసలు

మా బావకి లోకంలో పరాయి మనిషంటూ ఎవరూ లేరు. కొత్తవాళ్ళు కనిపిస్తే చాలు, పేరైనా అడక్కుండా వరస కలిపేస్తాడు. వృత్తి దర్జీపని. చొక్కా కొలతలివ్వడానికి చేతులు చాపినవాడు దించేలోపు తమ్ముడో మేనల్లుడో అయిపోతాడు. ఆయనకి అసలైన చుట్టాన్ని నేనే, భార్య తోడబుట్టినవాణ్ణి. అందుకే కాబోలు, నన్ను బొత్తిగా పట్టించుకోడు.

పోనీ పిలిచి ఊరుకుంటాడా అంటే, లెక్క తప్పితే ఒప్పుకోడు. ఓసారి పంటి డాక్టరమ్మ ముందు నోరు తెరుచుకుని కూర్చునే ఆవిణ్ణి చెల్లెల్ని చేసుకున్నాడు. తర్వాత నా పన్ను పీకించడానికి తీసుకెళ్ళి, ఆ లెక్కన ఈవిడ నీకు మరదలవుతుందని పరిచయం చేశాడు. మరదలి ముందు ఏడిస్తే ఏం బావుంటుంది? ప్రాణం పోతున్నా నవ్వుమొహం పెట్టుకుని కూర్చున్నాను.

అనాథాశ్రమం పిల్లలకి యూనిఫారాలు కుట్టేది మా బావే. కుట్టుపని అయిపోగానే ఏటా వాళ్ళని ఓ రోజు పార్కుకి షికారు తీసుకెళ్తాడు. ఈసారి నన్నూ లాక్కెళ్ళాడు. బస్సు కదిలేముందు వార్డెనమ్మ మమ్మల్ని పక్కకి పిలిచి, కిటికీ ఊచ పట్టుకుని ముడుచుకు కూర్చున్న ఓ చిన్నపిల్లని చూపించింది.

"కొత్తగా వచ్చింది. ఏమైనా అడగండి గానీ, మీవాళ్ళెవరమ్మా అని మాత్రం అడక్కండి. మొన్నెవరో అడిగితే రెండు రోజులు అన్నం ముట్టలేదు," అంది.

మా బావ వెళ్ళి ఆ పిల్ల పక్కనే కూలబడ్డాడు. తను బాబాయినన్నాడు. బస్సు నడిపేది పెదనాన్న అన్నాడు. ఆ పిల్ల మొహం కూడా తిప్పలేదు.

పార్కులో ఇంకా రెచ్చిపోయాడు. గేటు దగ్గర వాచ్‌మన్‌ని తాతయ్యని చేశాడు. తనకింకా నలభై దాటలేదనీ, పెళ్ళే కాలేదనీ అతను మొత్తుకుంటే, పెద్దరికం వయసులో కాదు, మీసంలో ఉంటుందన్నాడు. టికెట్లిచ్చే ఆవిడ అత్తయ్య, బొమ్మరైలు నడిపే అతను మావయ్య అయ్యారు. రైలతనితో తనకి మాటల్లేవు, వరస మార్చండని ఆవిడ కోప్పడింది. అత్తయ్య అలిగిందని మా బావ పిల్లలకి చెప్పాడు. పిల్లలందరూ కిటికీ దగ్గర మూగి బతిమాలారు. రైలతను సిగ్గుతో కూత మీద కూత వేశాడు. నాకు తల కొట్టేసినట్టయి, వెనకెక్కడో నడిచాను.

తీరా భోజనాలకి కూర్చునేసరికి కొత్త పిల్ల లేదు. మా బావ మొహంలో నెత్తురుచుక్క లేదు. పిల్ల దొరక్కపోతుందా, దొరుకుతుంది. కానీ దొరికించుకున్నవాళ్ళు మొట్టమొదట అడిగేది ఆ ప్రశ్నే కదా. ఇద్దరం పార్కంతా పరిగెత్తాం.

ఇంతలో మైకు మోగింది.

"తప్పిపోయిన పాప ఆఫీసులో ఉంది. మీవాళ్ళెవరని అడిగితే చాలామంది ఉన్నారంటోంది. దర్జీ బాబాయి, బస్సు పెదనాన్న, గేటు తాతయ్య, టికెట్ల అత్తయ్య, రైలు మావయ్య... ఇంకా చెబుతూనే ఉంది. బంధువులందరూ వెంటనే రావలసిందిగా మనవి."

మేం వెళ్ళేసరికి ఆఫీసులో కాలు పెట్టే చోటు లేదు. రైలతను రైలుని మనుషులతో సహా మధ్యలో ఆపేసి వచ్చాడు. టికెట్లావిడ కిటికీ మూసేసి వచ్చి, మాటల్లేని ఆ రైలతన్నే మంచినీళ్ళు తెమ్మని పురమాయిస్తోంది. వాచ్‌మన్ పిల్లనెత్తుకుని మా బావ మీద విరుచుకుపడ్డాడు.

"పిల్లని చూసుకునే పద్ధతి ఇదేనా? నా మనవరాలు ఎంత బెదిరిపోయిందో తెలుసా?"

"తప్పయిపోయింది నాన్నా," అన్నాడు మా బావ. అప్పుడు కూడా వరస తప్పలేదు.

ఇన్నేళ్ళూ అది ఆయన నోటిదురద అనుకున్నాను. ఆ ప్రశ్నకి ఏం చెప్పాలో తెలియని పిల్లకి పొద్దుటినుంచీ ఒక్కో జవాబూ సమకూరుస్తున్నాడని అప్పుడు తెలిసింది.

ఆ పిల్ల వాచ్‌మన్ చంక దిగి, నన్ను ఎగాదిగా చూసి, "ఈయనెవరు?" అంది.

మా బావ నీళ్ళు నమిలాడు. నాకు వరస కలపాల్సిన అవసరం ఆయనకెప్పుడూ రాలేదు మరి. ఆ పిల్లే వేళ్ళు మడిచి లెక్కేసింది.

"మావయ్య ఉన్నాడు కదా. నువ్వు చిన్నమావయ్యవి," అని తేల్చేసింది.

నేను ఆ రైలతనికి తండ్రి వయసువాణ్ణి. అయినా బుద్ధిగా తలూపాను. భోజనాల దగ్గర చిన్నమావయ్య పక్కనే కూర్చుంటానని పేచీ పెట్టి, తన అన్నం తినేసి, నా డబ్బాలో సగం కూడా లాగేసుకుంది.