ఎగిరే పికప్, రాప్తాడు మేస్త్రి

రాప్తాడు మేస్త్రి పోయిన సంగతి నాకు నాలుగు రోజులు ఆలస్యంగా తెలిసింది. నీళ్ల డ్రమ్ములతో ఆయన షెడ్డు ముందు నుంచి వెళ్తూ, తలుపుకు తాళం చూసి బండి ఆపాను. ఎదురుగా టీ కాచే ఆవిడ, "యాడికి పోయినాడని సూస్తాండావా? మంగళవారం మట్టి చేసినాం" అంది. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. ఈ రోడ్డు మీద ఒంటరితనం నాకు కొత్త కాదు. అయినా ఆ పూట తట్టుకోలేకపోయాను.

ఆయన లారీలకూ జీపులకూ కమాన్ పట్టీలు, అంటే కుదుపులు ఆపడానికి ఒకదాని మీద ఒకటి పేర్చిన ఇనప బద్దలు, బాగుచేసేవాడు. భార్య ఎప్పుడో చనిపోయింది, పిల్లలు లేరు. షెడ్డులోనే ఇంత వండుకుని తినేవాడు. బండి వచ్చిందంటే వెంటనే పానా పట్టేవాడు కాదు. రోడ్డు మీద అటూ ఇటూ తోలించి, తను పక్కన నిలబడి చక్రాల వైపే చూసేవాడు. మనం రోగం చెప్పబోతే కసురుకునేవాడు: "నువ్వు గమ్మునుండప్పా. బండి చెప్తాది."

బాగుచేశాక ట్రయల్ అని పక్కన కూర్చుని మైలు దూరం వచ్చేవాడు. అక్కడ దిగి ఎండలో నడిచి వెనక్కి పోయేవాడు. ఆ మైలు పొడుగునా బండి ఊసే ఉండేది కాదు. నేనేం తిన్నాను, మా నాయన కళ్లు ఎలా ఉన్నాయి, ఇవే అడిగేవాడు. నన్ను అలా అడిగేవాళ్లు ఇంకెవరూ లేరు.

రెండేళ్ల కిందటి కరువులో నేను తోలేది మిలిటరీ వేలంలో కొన్న పాత పికప్. యజమాని ఊళ్లకు నీళ్లు పంపే కాంట్రాక్టరు. బండి ముందు భాగం ఎగిరెగిరి పడి, నిండు డ్రమ్ములు ఊరు చేరేసరికి సగమయ్యేవి. బిందెలతో నిలబడ్డ ఆడవాళ్లు నన్ను తిట్టిపోసేవాళ్లు. ఇంకోసారి ఒలికితే పని మానుకొమ్మని చెప్పి, యజమానే నన్ను వెంటబెట్టుకుని షెడ్డుకు తెచ్చాడు.

మేస్త్రి బంపరు మీదికెక్కి ఊగి చూశాడు. "కమాన్ కదలడంల్యా. టైరు ఒకటే ఎగురుతాండాది" అన్నాడు. కిందికి దూరి, పట్టీల సందులో వేలు పెట్టి వాసన చూశాడు. నేను ఒకడుగు వెనక్కి వేశాను. కిర్రుమంటోందని ఎద్దులబండి ఇరుసుకు పోసినట్టు, నెలనెలా వాటికి వేరుశనగ నూనె పోసింది నేనే. దానికి దుమ్ము పట్టి పట్టీలన్నీ బంకలా అతుక్కుపోయాయి.

"ఎవురు చేసిన పని ఇది?" అన్నాడు యజమాని.

మేస్త్రి నా వైపు చూడను కూడా లేదు. "దుమ్మప్పా. ఈ సీమ దుమ్ముకు ఏ బండి తట్టుకుంటాది?"

పట్టీలు విప్పి, కిరసనాయిలుతో కడిగి, గీకి, మళ్లీ బిగించాడు. యజమాని బస్సెక్కి వెళ్లిపోయాడు. మేస్త్రి చేతులు తుడుచుకుని ట్రయల్ కోసం బండి తలుపు తీశాడు. పక్కన కూర్చుంటే నిజం ఒప్పుకోవాల్సి వస్తుందని నాకు భయం. "వద్దులే అన్నా, పొద్దు పోతాండాది" అన్నాను.

"సరేప్పా. మెల్లగా పో" అని తలుపు ఆయనే వేశాడు.

ఆ తర్వాత రెండేళ్లు ఆ షెడ్డు దగ్గర ఆగలేదు. ముఖం చూపించడానికి సిగ్గు. రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకుంటూ, షెడ్డు వైపు చూడకుండా హారను కొట్టి పోయేవాణ్ణి. నా కూడు నిలబెట్టిన మనిషికి ఒక్క మంచిమాట చెప్పలేకపోయాను. అటు ఆయన ఒక్కడు, ఇటు నేనొక్కణ్ణి.

టీ ఆవిడ ముందు ఇదంతా కక్కేశాను. ఆమె గ్లాసులు కడుగుతూ వింది.

"నీ బండి సప్పుడు ఇనపడితే సాలు, సేతిలో పని ఇడిసి బయటికొస్తాండె" అంది. "నువ్వు మలుపు తిరిగేదాకా సూసి, 'ఎగరడంల్యా, బాగా పోతాండాడు' అని నాకు చెప్పి, మళ్లా లోపలికి పోతాండె."