సీరియల్లో చదివి ఆడిన అబద్ధం

మొన్న పక్క ఫ్లాట్ అమ్మాయి బలవంతం మీద, పంజాగుట్టలో వాళ్ళు నెలకోసారి కూడి నవలల గురించి మాట్లాడుకునే చోటికి వెళ్ళాను. ఆ నెల నవలలో ఒక పిల్ల, తను మనసుపడ్డవాడు స్నేహితురాలి వైపు చూస్తున్నాడని కుళ్ళుకుని ఇద్దరినీ విడగొట్టి, చివర్లో నాలుగు కన్నీటిబొట్లు రాల్చి క్షమాపణ సంపాదించుకుంటుంది. అక్కడి కుర్రకారంతా ఆ పిల్ల మీదే జాలిపడ్డారు. "అసూయ కూడా ప్రేమే కదా ఆంటీ" అంది మా పక్క ఫ్లాట్ అమ్మాయి. నాకు ఒళ్ళు మండింది. కాదని గట్టిగానే అన్నాను గానీ, ఎందుకు కాదో చెప్పమనేసరికి మోకాళ్ళ నొప్పి వంక పెట్టి వచ్చేశాను. మీకైతే చెప్పొచ్చు, వారపత్రిక కోసం వారమంతా కాచుకున్న తరం మనది.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు, ఎర్రమంజిల్‌లో ఒక ఆఫీసులో టైపిస్టుని. మా పిన్ని కూతురు, నాకంటే రెండేళ్ళు చిన్నది, కాకినాడ నుంచి వచ్చి షార్ట్‌హ్యాండ్ నేర్చుకుంటూ అమీర్‌పేటలో నా గదిలోనే ఉండేది. మా సెక్షన్‌లో ఒక గుమాస్తా, ఈ ఊరివాడే, నాలాగే సీరియళ్ళ పిచ్చివాడు. అప్పట్లో వస్తున్న ఒక సీరియల్ చదవమని అతనికి చెప్పింది నేనే, నా ఉక్రోషమంతా అక్కడే ఉంది. శుక్రవారం సాయంత్రాలు పంజాగుట్ట బస్‌స్టాపులో ముగ్గురం కలిసి, కొత్త సంచికలో జరిగినదాని గురించి వాదించుకుంటూ నాలుగైదు బస్సులు వదిలేసేవాళ్ళం. అతను నాకోసమే నిలబడుతున్నాడనుకుని శుక్రవారానికని ఒక చీర వేరుగా ఇస్త్రీ చేసి పెట్టుకునేదాన్ని.

ఒకనాడు అతను అప్పటిదాకా వచ్చిన సీరియల్ కాగితాలన్నీ వరుసగా కత్తిరించి, కుట్టించి, నీలం అట్ట వేయించి తెచ్చి మా చెల్లెలి చేతిలో పెట్టాడు. అది ఆ అట్టను నిమురుతూ నవ్వింది.

సరిగ్గా ఆ వారాల్లోనే సీరియల్లో అసూయపడ్డ పిల్ల, స్నేహితురాలికి మేనత్త కొడుకుతో పెళ్ళి ఎప్పుడో ఖాయమైందని అబద్ధమాడింది. ఎంత తేలికైన అబద్ధమో చూడండి, మన ఇళ్ళలో బావ ఉన్న పిల్ల గురించి ఆ మాటంటే ఎవరూ ఆరా తీయరు. సోమవారం భోజనాల వేళ చెల్లెలి గురించి నేనూ అతనికి అదే చెప్పాను. అదే సీరియల్ చదువుతున్నవాడు కదా, పట్టేస్తాడేమోనని భయపడ్డాను కూడా. పట్టెయ్యలేదు. కాకినాడలో తనకో బావ ఉన్న సంగతి మా చెల్లెలే అతనికి కబుర్లలో చెప్పి ఉంది మరి. "గట్లనా? జర ముందుగాల చెప్తే మంచిగుంటుండె. గా అమ్మాయికి నా వల్ల మాట రావద్దు" అని క్యారియర్ మూత పెట్టేశాడు. ఆ శుక్రవారం నుంచి బస్‌స్టాపుకు రాలేదు. మూడు నెలల్లో బదిలీ చేయించుకుని వెళ్ళిపోయాడు, వెళ్ళేటప్పుడు నా వైపు కూడా చూడలేదు.

సీరియల్లో ఆ అబద్ధం నాలుగు వారాల్లో బయటపడింది. మీరు నవ్వుతారేమో గానీ, నేనూ అలాగే ఎదురుచూశాను. ఎవరో చెబుతారు, వాళ్ళిద్దరూ ఎక్కడో ఎదురుపడతారు, నేను కాళ్ళ మీద పడి ఏడుస్తాను, అంతా సర్దుకుంటుంది అనుకున్నాను. చెప్పగలిగినదాన్ని నేనొక్కదాన్నే, నేను నోరు విప్పలేదు. చెల్లెలు కొన్ని శుక్రవారాలు బస్సు దిగే ప్రతి మొహమూ వెతికి, షార్ట్‌హ్యాండ్ మానేసి కాకినాడ వెళ్ళిపోయింది. పెద్దవాళ్ళు బావ సంబంధం ఎత్తితే, ఎవరైతే ఏంటని తలూపిందట. అలా నా అబద్ధం నిజమై కూర్చుంది. మా మరిది చెడ్డవాడు కాడు గానీ, దాని చేతిలో పుస్తకం చూసి విసుక్కోని రోజు లేదు.

ఇప్పుడా బస్‌స్టాపు ఎక్కడుండేదో మెట్రో స్తంభాల మధ్య నాకే ఆనవాలు దొరకదు. వారం వారం ఆగి చదివేవాళ్ళూ లేరు, నవలంతా ఒక్క బిగిన ఫోన్లో చదివి, క్షమించేసి, ఇంకోటి తెరుస్తారు. చెల్లెలు మాత్రం ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది. అతనెందుకు రావడం మానేశాడో దానికి ఈనాటికీ తెలియదు. ఆ రోజులు గుర్తొచ్చినప్పుడల్లా, "అప్పుడు నువ్వు పక్కన ఉండబట్టి తట్టుకున్నానక్కా" అంటుంది. నేను బీపీ మాత్ర వేసుకుందో లేదో అడిగి ఫోన్ పెట్టేస్తాను.