వసంతమ్మ కాచిన నీళ్ళు

శ్రీకాళహస్తి స్టేషన్ రోడ్డులో వసంతమ్మ నడిపిన పూటకూళ్ళ ఇంటికి బోర్డు లేదు. రైలు దిగిన యాత్రికులు చారు వాసన పట్టుకొని వచ్చేవాళ్ళు. వంటవాడైన భర్త మునిరామయ్య పోయాక ఆమె ఆయన గరిటెలే చేతబట్టి ఆ పొయ్యి ఆరకుండా చూసుకుంది. ముందు వసారాలో భోజనాలు, వెనక గదుల్లో బస. ఇంకో పని ఆమెకు రాదు.

ఎనభైల మొదట్లో వానలు లేని ఒక ఏడాది పెరట్లో బావి ఎండిపోయింది. వసంతమ్మ స్వర్ణముఖి ఇసుకలో చెలమ తీసి, ఊరిన నీళ్ళు ముంతతో తోడి బిందెలకు పోసుకొచ్చేది. ఆ ఎండల్లోనే పక్క వీధిలో వాంతిభేది మొదలైంది. భోజనానికి వచ్చేవాళ్ళు పలచబడ్డారు.

ఒకరోజు పొద్దున, పలమనేరు నుంచి వచ్చి వెనక గదిలో దిగిన దేవరాజులు అనే ముసలాయన పెరటి గోడ పట్టుకొని కూలబడ్డాడు. వాంతి, వెంటనే విరేచనం. అంతా బియ్యం కడుగులాంటి నీళ్ళే. భార్య కుప్పమ్మ కేక విని వసంతమ్మ పరుగెత్తింది. ఆయన కళ్ళు గుంటలు పడ్డాయి, వేళ్ళు ముడుచుకుపోయాయి. ముందురోజు తన చేతి అన్నం తిన్నవాళ్ళ ముఖాలన్నీ వసంతమ్మ కళ్ళ ముందు తిరిగాయి.

పక్కన వక్కాకు అంగడి పెట్టుకున్న వెంకటముని గోడ మీద నుంచి తొంగిచూసి గొంతు తగ్గించాడు.

"అక్కా, జట్కా పిలిపించి టేసన్ కాడ దించేయి. నీ ఇంట్లో వచ్చిందని తెలిస్తే నీ గడప తొక్కేవాడు ఉండడు."

వసంతమ్మ తల ఊపింది. జట్కా వచ్చింది. బండి తోలే పీరా సాహెబ్, ఆమె కలిసి ముసలాయన్ను ఎక్కించారు. కుప్పమ్మ మూట చంకన పెట్టుకొని బండి పక్కన నిలబడిపోయింది.

"తల్లీ, మమ్మల్ని యాడికి పంపిస్తా ఉండావు?"

టేసనుకే అని వెంకటముని గోడ అవతల నుంచి అన్నాడు. పీరా సాహెబ్ కదల్లేదు.

"నువ్వు సెప్పు మా. యాడికి తోలేది?"

ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా బండెక్కి ముసలాయన తల ఒళ్ళో పెట్టుకుంది.

"ఆసుపత్రికి. బిన్నా తోలు సాయిబూ, ఆలస్యం చేయొద్దు."

ఆసుపత్రిలో డాక్టరు ఏం తిన్నాడని, ఎక్కడ తిన్నాడని అడిగాడు. కుప్పమ్మ తల వంచుకుంది. వసంతమ్మ ముందుకొచ్చింది.

"నా ఇంట్లోనే సార్. నేనే వండి పెట్టినాను."

మధ్యాహ్నానికల్లా ఆరోగ్యశాఖ వాళ్ళు వచ్చి బిందెలు పరీక్షించి, బ్లీచింగ్ చల్లి, భోజనాలు ఆపించారు. ఏట్లో ఎగువ చెలమ దగ్గర ఎవరో రోగుల బట్టలు ఉతికారట, చెలమ నీళ్ళు చెడ్డాయి. "తప్పు నీ వంటది కాదమ్మా, నీళ్ళది" అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఆ మాట ఆమెకు ఊరట ఇవ్వలేదు. ఆ నీళ్ళు తోడింది తన చేతులే కదా.

రోజూ ఆసుపత్రికి పోయేది. లోపలికి పోవడానికి భయం. వార్డు గుమ్మం దగ్గరే ఆగి, దూరం నుంచి మంచం వైపు చూసేది. ఒకసారి మంచం ఖాళీగా ఉంది. గోడ పట్టుకొని అక్కడే కూర్చుండిపోయింది. "ఆయన బయట ఎండలో ఉండాడు మా" అని ఆయా చెప్పినా, తన కళ్ళతో చూసేదాకా ఆమె నమ్మలేదు. దేవరాజులు వేపచెట్టు కింద కూర్చొని గంజి తాగుతున్నాడు.

వండుకోవచ్చని అధికారులు చెప్పి పోయారు. అయినా వసంతమ్మ అగ్గిపెట్టె పట్టుకొని పొయ్యి ముందు కూర్చుంటే పుల్ల గీయడానికి చెయ్యి రాలేదు. అన్నీ అమ్మేసి చిత్తూరులో అన్న ఇంటికి పోదామనుకుంది. అప్పుడే కుప్పమ్మ మొగుణ్ణి నడిపించుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. వెనకే పీరా సాహెబ్.

"బస్సెక్కే ముందు ఆయప్పకు మెత్తగా రెండు ముద్దలు పెట్టు తల్లీ."

"నా చేతిదా?" అంది వసంతమ్మ.

"ఇంకెవురిది? ఆయప్పను ఒళ్ళో పెట్టుకొని పోయింది నువ్వే గదా."

వసంతమ్మ పొయ్యి వెలిగించింది. నీళ్ళు తెర్లి తెర్లి సగమయ్యేదాకా కాచింది. అన్నం వార్చి, ముందు తాను ఒక ముద్ద తిని, తర్వాత వడ్డించింది. పీరా సాహెబ్ కూడా అడక్కుండానే ఒక విస్తరి వేసుకొని కూర్చున్నాడు.

"చారు ఇంకొంచెం పొయ్ మా. ఒంటికి వేడి తగలాల" అన్నాడు.

ఆ వారమంతా తినడానికి వచ్చింది అతనొక్కడే. తర్వాత అతని జట్కా ఎక్కినవాళ్ళు వచ్చారు. చాలా కాలానికి వెంకటముని కూడా వచ్చాడు. ఆమె అతన్ని ఏమీ అనకుండా నీళ్ళ చెంబు ముందు పెట్టింది.

వానలు పడి బావి నిండినా ఆమె నీళ్ళు కాచడం మానలేదు. భయమూ పోలేదు. విస్తరి ముందు నుంచి లేచిన ప్రతివాడి ముఖంలోకీ చూసేది, వెనక గదిలో ఎవరైనా దగ్గితే పని వదిలి పోయేది. ఇంత బెదురుతూ ఎందుకమ్మా ఈ పని అని ఒకసారి కుప్పమ్మే అడిగింది, మొగుడితో మళ్ళీ దర్శనానికి వచ్చినప్పుడు.

"బెదురే గదమ్మా నా చేత నీళ్ళు కాపిచ్చేది" అంది వసంతమ్మ. ముసలాయనకు అన్నం చాలిందో లేదో చూడటానికి లేచి వసారాలోకి పోయింది.