లింబాద్రి సార్ తన మీద వేసుకున్న తప్పు

కొత్త యంత్రం మొదటిసారి వేడెక్కినప్పుడు ప్లాస్టిక్ వాసన వస్తుంది. నిన్న మధ్యాహ్నం కరీంనగర్‌లోని మా ఆఫీసులో పాత సర్వర్ తీసేసి కొత్తది పెట్టాము. ఆన్ చేసిన కాసేపటికి ఆ వాసన గదంతా కమ్ముకుంది. ఎదురు కుర్చీ వైపు చూశాను. అందులో ఇప్పుడు ఎవరూ కూర్చోరు. లింబాద్రి సార్ పోయి రెండేళ్లు దాటింది.

మాది గల్ఫ్‌కు వెళ్లినవాళ్ల కుటుంబాలకు సాయం చేసే చిన్న సంస్థ. జాడ తెలియనివాళ్లు, పాస్‌పోర్టు పోగొట్టుకున్నవాళ్లు, జైళ్లలో మగ్గి తిరిగొచ్చినవాళ్లు, అందరి కాగితాలూ మా దగ్గర ఉంటాయి. ఆ కాగితాలన్నీ కంప్యూటర్‌లో ఎక్కించి, పేరు కొడితే క్షణంలో దొరికేలా ఒక సెర్చ్ సర్వర్ పెట్టాలన్నది సార్ ఆలోచన. ఆయన టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో పనిచేసి రిటైరైన మనిషి. అరవై దాటాక ఈ విద్య తనంతట తానే నేర్చుకున్నారు. నేను జమ్మికుంట దగ్గరి పల్లె నుంచి చదువు ముగించుకుని వచ్చి ఆయన దగ్గర చేరాను.

మొదటి రోజే సర్వర్ సెట్టింగుల ఫైలు తెరిచి నన్ను పైకి చదవమన్నారు. ఏ చిరునామా మీద వచ్చే ప్రశ్నను వినాలి, ఏ పోర్టులో, అంటే ఏ ద్వారం దగ్గర, వినాలి, ఏ వెబ్ పేజీకి జవాబివ్వాలి, ఎంత పెద్ద కాగితం వరకు తీసుకోవాలి, అన్నీ అందులోనే ఉంటాయి. నేను నెట్‌లో దొరికిన ఒక లైను అతికించాను.

"గీ లైను ఎవల కోసం బిడ్డా?" అని అడిగారు.

"తెల్వది సార్. నెట్‌ల అట్లనే ఉన్నది."

"నెట్‌ల రాసినోనికి మనోళ్లు ఎవలో తెల్వది. నీకు తెల్సు. ఎవల కోసమో చెప్పరాని లైను ఉంచకు."

ఆయన మాటల్లో పొదుపు ఎక్కువ. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకుని కిటికీ దగ్గర ఒక్కరే తినేవారు. భార్య పోయాక మంకమ్మతోటలో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేవారు. మాతో కలిసి తినమని ఒకసారి పిలిస్తే మొహమాటంగా నవ్వారు. "ఎక్స్ఛేంజ్‌ల ముప్పయ్యేండ్లు అందరి ముచ్చట్లు నా చెవులళ్ల వడ్డయి. ఒక్కటి గూడ బయటికి రానియ్యలే. అట్లట్ల నాకు ముచ్చట వెట్టుడే రాకుంట అయింది" అన్నారు. ఆ తర్వాత నేను ఆయనను పిలవలేదు. పిలవాల్సిందని ఇప్పుడు అనుకుంటాను.

ఏడాది గడిచాక లక్సెట్టిపేటలో మా సంస్థకు ఇంకో గది తెరిచారు. అక్కడి నుంచి కూడా సెర్చ్ పనిచేయాలి. అప్పటిదాకా మా సర్వర్ తన యంత్రం లోపలి నుంచి వచ్చే ప్రశ్న తప్ప మరొకటి వినేది కాదు. సార్ ఆ వారం జ్వరంతో ఇంట్లో ఉన్నారు. "నువ్వు చేస్తవు, ఫికర్ చెయ్యకు" అని ఫోన్‌లో చెప్పారు. రెండు రోజులు కుస్తీ పట్టాను. ఎంతకీ కుదరక, చిరునామా ఉన్నచోట నాలుగు సున్నాలు పెట్టాను. ఏ చిరునామా మీద ఎవరు అడిగినా విను అని దాని అర్థం. అనుమతించే పేజీల దగ్గర ఒక నక్షత్రం గుర్తు పెట్టాను. అంటే ఎవరైనా సరే. పాస్‌వర్డ్ తర్వాత పెడదామనుకున్నాను. లక్సెట్టిపేటలో పేరు కొడితే కాగితం తెరమీదికి వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ సంబరంలో పాస్‌వర్డ్ సంగతి మరిచిపోయాను.

మా సెర్చ్ పేజీ లింకు ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి పోయిందో గానీ, లక్సెట్టిపేటలో ఒక వాట్సాప్ గ్రూపులోకి చేరింది. మూడు వారాల తర్వాత గంగారాం మా ఆఫీసుకు వచ్చాడు. నలభై ఏళ్ల మనిషి. గల్ఫ్‌లో యజమాని దగ్గరి నుంచి పారిపోయి, పట్టుబడి, ఏడు నెలలు జైల్లో ఉండి వచ్చినవాడు. ఇంట్లో మాత్రం ఎడారిలో పని, ఫోన్ కలవలేదని చెప్పుకున్నాడు. నిజం మాకు మాత్రమే చెప్పాడు. ఇప్పుడు ఆ కాగితం వాడకట్టు వాడకట్టంతా చదివింది. బడి బస్సు నడిపే పని ఖాయమైనట్టే ఉండగా, ఇక రావద్దన్నారట. భార్య, ఇన్నాళ్లూ అబద్ధమాడాడని పుట్టింటికి వెళ్లిపోయింది.

అతను అరవలేదు. తలుపు దగ్గరే నిలబడి, "గీ గోడ దాటదన్నరు గద సార్. ఎట్ల దాటింది?" అని అడిగాడు.

సార్ కుర్చీలోంచి లేచారు. "నేనే తెరిచిన గంగారాం. జర సోంచాయించకుంట అందరికి తెరిచిన. తప్పు నాది."

గంగారాం ఆయన వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను తల వంచుకున్నాను. అతను మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం సార్ నా పక్కన కూర్చుని ఫైలు మొదటి నుంచి చదివించారు. సున్నాలు తీయించారు, నక్షత్రం తీయించారు, పాస్‌వర్డ్ పెట్టించారు. ఒక్క మాట తిట్టలేదు. ఉండబట్టలేక, "ఎందుకట్ల చెప్పిండ్రు సార్?" అన్నాను.

"చూడకుంట నిన్నొక్కదాన్ని చెయ్యమన్నది నేనే గద. నువ్వు చెప్పాల్సిన మాట నీకున్నది. అది చెప్పే దినం నీకే ఎర్కైతది."

ఆ తర్వాత ప్రతి నెలా రెండో శనివారం ఆయన బస్సెక్కి లక్సెట్టిపేట వెళ్లేవారు. గంగారాం ఇంటి అరుగు మీద గంటసేపు కూర్చుని వచ్చేవారు. మొదటి నెలల్లో గంగారాం తలుపు తీయలేదట. తర్వాత మంచినీళ్లు ఇచ్చాడు. చాలా కాలానికి చాయ్ ఇచ్చాడు. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, "ఏం లేదు, కూసున్నం" అనేవారు. నాలుగేళ్లు అలాగే వెళ్లారు. ఆ నాలుగేళ్లలో నేను ఒక్కసారి కూడా వెంట వెళ్లలేదు. వచ్చే నెల వెళ్దాం, చెప్పేద్దాం అని ప్రతిసారీ అనుకునేదాన్ని.

ఒక సోమవారం పది దాటినా సార్ ఆఫీసుకు రాలేదు. గదికి వెళ్లి చూశాము. ముందురోజే ప్రాణం పోయిందని డాక్టరు చెప్పారు. ఆదివారమంతా ఆయనను వెతుక్కుంటూ ఎవరూ రాలేదు.

ఆ నెల రెండో శనివారం నేను లక్సెట్టిపేట వెళ్లాను. గంగారాం అరుగు మీద కూర్చుని బస్సు వచ్చే దారికేసి చూస్తున్నాడు. సార్ పోయారని చెప్పాను. లోపలికి వెళ్లి చాయ్ తెచ్చి నా ముందు పెట్టాడు.

"అన్నా, అప్పుడు అందరికి తెరిచింది సార్ కాదు. నేను" అన్నాను.

"ఎర్కే చెల్లె."

"సార్ చెప్పిండ్రా?"

"గాయన నోట్లెకెల్లి మాట వస్తదా? నువ్వు తలకాయ వంచుకున్నవ్. గప్పుడే ఎర్కైంది."

"మరి తప్పు ఆయనది కాదని నీకు ఎర్కైనట్టు ఆయనకెందుకు చెప్పలే?"

గంగారాం మళ్లీ దారి వైపు చూశాడు. "చెప్తే ఇగ వచ్చుడు బంద్ చేస్తడేమో అనుకున్న. గీ ఇంటికి నెలకొక్క మనిషి వచ్చెటోడు. గా మనిషిని పోగొట్టుకోబుద్ధి కాలే."

బస్సు ఎక్కేదాకా నాకు ఏడుపు రాలేదు. రాయపట్నం వంతెన మీద, కింద గోదావరి కనిపించినప్పుడు వచ్చింది.

ఇప్పుడు రెండో శనివారాలు నేను వెళ్తున్నాను. మా మధ్య పెద్దగా మాటలుండవు. క్షమించావా అని నేను అడగలేదు, సార్ కూడా ఎన్నడూ అడిగి ఉండరు. నా తప్పు నేను ఒప్పుకున్నాను కాబట్టి ఆ బరువు కొంత దిగింది. దిగనిది ఇంకొకటి ఉంది. లింబాద్రి సార్ నా తప్పు మోస్తూ, ఎవరికీ అక్కర్లేని మనిషిలా ఆ బస్సుల్లో ఒంటరిగా తిరిగారు. ఆ అరుగు మీద తన కోసం ఒకరు ఎదురుచూస్తున్నారని ఆయనకు ఎవరూ చెప్పలేదు.