వేలిగోరంత గుల్లలు

బందరు చేపల బజారులో ఈ ఉదయం గుల్లల కుప్ప చూశాను. అన్నీ వేలిగోరంతవే.

నాగాయలంక నేస్తాల్లారా, కృష్ణ పాయలో కాలివేళ్లతో బురద తడిమి గుల్లలు ఏరడం గుర్తుందా? చిన్నవి ఇంకా గుడ్లు పెట్టలేదని తిరిగి నీళ్లలో వదిలేవాళ్లం. పోటు ఎక్కుతుంటే నాకు భయం.

"పైకి రావే, నీళ్లొస్తున్నాయి!" అని అరిచేవాణ్ణి.

అత్త కూతురు సుజాత మాత్రం బుట్టలోంచి చిన్నవి ఏరి వదులుతూనే ఉండేది. "ఉండు బావా, ఇవి పెరక్కపోతే రేపు నీకేం వండిపెట్టను?"

పెళ్లయ్యాక అలాగే వండిపెట్టింది. నిరుడు చనిపోయింది.

"పెద్దవి లేవామ్మా?" అని బజారులో గుల్లలమ్మే ఆమెను అడిగాను.

"పెద్దవెక్కడివండీ? పెరగనిస్తేగా!"

బతికున్నవి ఏరి కొన్నాను. తడిగుడ్డలో చుట్టి అవనిగడ్డ మీదుగా నాగాయలంక వెళ్లే బస్సెక్కాను. పాయ చేరేదాకా బతకాలి. ప్రతి స్టాపులోనూ గుడ్డ విప్పి చూస్తున్నాను.