నూట ముప్పై ఏడో సెల్లు

ఆ షెడ్డులో గాలిని బయటికి లాగే ఫ్యాను ఆగిపోయిందని నాకు ఉదయమే తెలుసు. ఈ మాట ఒక్క నాయనకు తప్ప ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. నా డైరీలో కూడా రాయలేదు.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పాలి. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. అలాంటి కథలు ఇష్టంగా చదివేదాన్ని, పుస్తకం మూసి హాయిగా నిద్రపోయేదాన్ని. ఆ రోజు విన్నదాన్ని కూడా దయ్యమని అనను. ఏమనాలో తెలియదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో జరిగింది ఇది. వడమాలపేట దగ్గర మా శనక్కాయల చేను ఒక కంపెనీకి పోయింది. వాడకం తక్కువగా ఉన్న వేళ మిగిలే కరెంటును బ్యాటరీల్లో నిలవచేసి, సాయంత్రం చాలనప్పుడు తిరిగి లైనుకు ఇవ్వాలన్నది వాళ్ళ ప్రయత్నం. "కరెంటును కుండల్లో పోసి మూత పెడతారంటబ్బా" అని ఊళ్ళో నవ్వుకున్నారు. చేను ఇచ్చినందుకు నాయనకూ, పాలిటెక్నిక్ ముగించిన నాకూ అక్కడే పని ఇచ్చారు. పెద్ద అధికారుల ముందు జరిగే పరీక్ష నెగ్గితే ఉద్యోగాలు ఖాయం. లేదంటే షెడ్డు ఎత్తేస్తారు. మాకు చేను లేదు, వేరే దారీ లేదు.

రేకుల షెడ్డులో నాలుగు వరసలు, రెండు వందల నలభై సెల్లులు. ఒక్కొక్కటి నా నడుమెత్తు బ్యాటరీ. చార్జింగ్ ముగింపుకొచ్చే వేళ వాటినుంచి నిప్పు తగిలితే పేలే గ్యాసు వస్తుంది. దాన్ని బయటికి పంపేది ఆ ఫ్యానే.

నా పని గాజు గొట్టంతో ఒక్కో సెల్లులో యాసిడ్ సాంద్రత చూడడం. బల్ల దగ్గర కూర్చుని మునిరత్నం మామ రిజిస్టరు రాసేవాడు. సబ్‌స్టేషన్లలో బ్యాటరీలతోనే తల నెరిసిన మనిషి. ఆయన పెట్టిన పద్ధతి ఒకటుండేది. నేను సెల్లు నంబరు, అంకె చెప్పాలి. ఆయన అదే తిరిగి చెప్పి "రాసినా" అనాలి. అది వినిపించాకే నేను తర్వాతి సెల్లుకు కదలాలి. అంకె తప్పు పడకుండా ఉండడానికే కాదు, గ్యాసు మధ్య ఉన్న మనిషి స్పృహలో ఉన్నట్టు తెలియడానికి కూడా అనేవాడు.

నాకేమో గొంతు పెగిలేది కాదు.

"ఏం పాపా, సెల్లుకు సెప్తాండావా, నాకు సెప్తాండావా? దానికి సెవుల్లేవు. నాకుండాయి. గెట్టిగా సెప్పు" అని ఏడిపించేవాడు.

ముందు పోయింది ఆయన గొంతే. బొంగురు పోయి, గడ్డ అని తేలి, తిరుపతి పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ఇక మాట రాదన్నారు.

ఆపరేషనయిన తొమ్మిదో రోజు. మర్నాడే మా పరీక్ష. ఉదయం షెడ్డు తెరిస్తే ఫ్యాను తిరగడం లేదు. బెల్టు తెగి కింద పడి ఉంది. ఇంజనీరు గది దాకా వెళ్ళాను. లోపల ఆయన ఫోనులో అరుస్తున్నాడు, చార్జింగ్ ఒక్క గంట ఆగినా అందరినీ ఇంటికి పంపిస్తానని. చెప్పాల్సిన వాక్యాన్ని మనసులో మూడుసార్లు కూర్చుకున్నాను. తలుపు తట్టకుండానే వచ్చేశాను. చెబితే పరీక్ష తప్పుతుంది, నాయన రోడ్డున పడతాడు అని సర్దిచెప్పుకున్నాను. అసలు కారణం భయం.

మధ్యాహ్నం అంకెలు నేనే చూసి నేనే రాసుకుంటున్నాను. నాయన నాలుగో వరసలో సెల్లుల్లో నీళ్ళు పోస్తున్నాడు. అలవాటు కొద్దీ నంబర్లు పైకే గొణుక్కుంటున్నాను. రెండో వరస మొదట్లో, బల్ల వైపు నుంచి జవాబు వచ్చింది.

"అరవై మూడు, పన్నెండు వందల పది. రాసినా."

అది మామ గొంతు. బొంగురు పోకముందు ఉన్న గొంతు. బల్ల దగ్గర ఎవరూ లేరు. రేకుల్లో ప్రతిధ్వని అనుకున్నాను. కానీ ప్రతిధ్వని నా గొంతుతో రావాలి. పైగా "రాసినా" అని నేను అనలేదు.

విచిత్రం ఏమిటంటే భయం వేయలేదు. డెబ్బైకి పైగా సెల్లులు అలాగే సాగాయి. నేను చెప్పడం, అది తిరిగి చెప్పడం. మనిషి తోడున్నట్టే ఉంది.

నూట ముప్పై ఏడు దగ్గర జవాబు రాలేదు.

మళ్ళీ చెప్పాను. రాలేదు. పద్ధతి ప్రకారం కదలకూడదు. అక్కడే నిలబడ్డాను. యాసిడ్ వాసనకు గొంతు మండుతోంది. సెల్లు మూత చేతికి చుర్రుమంటోంది. చుట్టూ బుడగలు మరిగే ఎసరులా చప్పుడు చేస్తున్నాయి. అప్పుడు అరిచాను. నా జన్మలో అంత గట్టిగా ఎన్నడూ అరవలేదు.

"మామా! నూట ముప్పై ఏడు! పలుకు మామా!"

పలికింది నాయన. "ఏమాయ పాపా?" అంటూ నీళ్ళ క్యాను కింద పెట్టి పరుగెత్తుకొచ్చాడు. ఒకసారి తెరుచుకున్న నోరు ఇక ఆగలేదు. "ఫ్యాను ఆగిపోయింది నాయనా. పొద్దన్నించి తిరగలే" అనేశాను.

ఆయన తలెత్తి ఫ్యాను వైపు చూశాడు. నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోయాడు. గేటు దాకా వెళ్ళామో లేదో, ఎక్కడ నిప్పురవ్వ లేచిందో, నాలుగో వరస పేలింది. రేకులు లేచి పక్క మామిడితోటలో పడ్డాయి. తర్వాత చూస్తే, నాయన నీళ్ళు పోస్తున్న చోట క్యాను కూడా మిగల్లేదు.

కానీ అప్పుడు నాయన ఆగలేదు. మళ్ళీ షెడ్డు వైపు పరుగు తీశాడు. వెనకనుంచి రెండు చేతులతో చుట్టేసి పట్టుకున్నాను.

"ఇడువు పాపా! మునిరత్నం లోపలుండాడు!"

"మామ తిరుపతిలో ఉండాడు నాయనా!"

"నీకు తిరిగి సెప్తాంటే ఇన్నా గదా నేను! ఆయప్ప గొంతు నాకు తెలీదా?"

నేను పట్టు వదల్లేదు.

విచారణ జరిగింది. ఫ్యాను బెల్టు చూసుకోవలసింది మునిరత్నమేననీ, సెలవు పెట్టే ముందు చూడలేదనీ రాశారు. ఫ్యాను ఆగిన సంగతి ముందే తెలుసా అని నన్ను అడిగితే తల అడ్డంగా ఊపాను. గొంతు లేని మనిషి జవాబు చెప్పలేడు. గొంతున్న నేను చెప్పలేదు. షెడ్డు ఎత్తేశారు. యాసిడ్ ఇంకిన ఆ నేలలో మళ్ళీ ఏ పంటా రాలేదు. నాయన కూలికి పోయాడు.

నిజం ఒప్పుకుందామని ఆసుపత్రికి వెళ్ళాను. మెడకు కట్టుతో మామ నా వైపే చూస్తూ పడుకుని ఉన్నాడు. ఆ మధ్యాహ్నం ఆయన మంచం దిగలేదని, సూదిమందుతో నిద్రలోనే ఉన్నాడని ఆయన భార్య చెప్పింది. మంచం పట్టె పట్టుకుని ఏడ్చాను. చెప్పాల్సింది ఈసారి కూడా చెప్పలేదు. కొన్ని నెలలకు ఆయన పోయాడు.

బల్ల దగ్గర ఎవరు పలికారో, ఆ ఒక్క సెల్లు దగ్గరే ఎందుకు ఆగిపోయారో నాకు ఇప్పటికీ తెలియదు. నాయన కూడా విన్నాడు కాబట్టి నా భ్రమ అని తోసెయ్యలేను.

ఆపరేషన్‌కు ముందు రోజు సాయంత్రం మామకు కాస్త గొంతు మిగిలి ఉంది. రేపటినుంచి ఒక్కదాన్నే ఎలా చేసేదని అడిగాను. ఆయన నవ్వి, కష్టపడి కూడదీసుకుని ఒక మాట అన్నాడు. నాతో అన్న ఆఖరి మాట అదే. దాన్ని మాత్రం ఆ రాత్రి డైరీలో రాసుకున్నాను.

"నేను తిరిగి సెప్పేదాకా అడుగు ఎత్తొద్దు పాపా."